ప్రెషర్ కిడ్నీ వెంటే పోతుంది

మార్చి 4
ల్యాబ్‌లో మేడం ఎలుకల కొత్త బ్యాచ్ మొదలుపెట్టారు. బీపీ ఉన్న ఎలుక కిడ్నీ తీసి బీపీ లేనిదానికి కుడతారు. కొన్ని వారాల్లో దానికీ బీపీ వస్తుంది. ప్రెషర్ కిడ్నీ వెంటే పోతుందని ఆవిడ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. కుట్టడం ఆవిడ పని. తోకకు చిన్న పట్టీ చుట్టి బీపీ చూడటం నా పని. ఎలుకను వెచ్చగా ఉంచాలి. రోజూ పట్టుకునే చెయ్యే పట్టుకోవాలి. కొత్త చెయ్యి తగిలితే రీడింగ్ ఎగిరిపోతుంది. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. చెడగొట్టి, తిట్లు తిని నేర్చుకున్నాను.

మార్చి 9, సాయంత్రం
అక్క డయాలసిస్ నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. బీపీ వల్లే ఆమె కిడ్నీలు పోయాయి. నా గ్రూపు కలిసిందని, నేనిస్తానని చెప్పాను. ఒరేయ్, చిన్నప్పుడు పెన్సిల్ ముక్క అడిగితే ఏడ్చావు, ఇప్పుడు కిడ్నీ ఇస్తావా అంది. నవ్వబోతే ఆయాసం వచ్చింది. బావ వంటింట్లో గిన్నెలు తోముతూ ఉండిపోయాడు. రక్తం అన్న మాట వింటేనే కళ్లు తిరిగే మనిషి.

మార్చి 16
కిడ్నీ ఇచ్చే ముందు చేసే పరీక్షలకి వెళ్తే హాస్పిటల్లో నా బీపీ 160/100. మెట్లెక్కి వచ్చానన్నాను. బాబాయ్, మీరు లిఫ్టులో రావడం నేను చూశాను, పాపం మెట్లనెందుకు అంటారు అంది నర్సు.

మార్చి 17
కొత్త చెయ్యి కదా, అందుకే ఎగిరి ఉంటుందని మేడంతో అన్నాను. ఆవిడ నవ్వలేదు. రోజంతా కొలిచే మిషన్ తెచ్చి నా చేతికి కట్టారు.

మార్చి 18
అరగంటకోసారి చెయ్యి పిండేస్తోంది. ఎలుకల గదిలో హీటర్ పక్కన కుర్చీ వేసుకుని కదలకుండా కూర్చున్నాను. వెచ్చగా ఉంటే వాటికి నెమ్మదిస్తుంది. నాకు చెమట పట్టింది, అంతే.

మార్చి 19
నిద్రలో కూడా ఎక్కువే. చెయ్యి తప్పు కాదు.
మాత్రలు మింగి తగ్గించుకుని వేరే హాస్పిటల్‌కి వెళ్తానన్నాను. మేడం నా రీడింగుల కాగితం నా ముందుకు తోశారు. తర్వాత, ఒక్క కిడ్నీతో నీ బీపీ నువ్వు మోస్తావు, రెండోది మీ అక్కకి కట్టబెడతావు, ఇద్దరికీ పక్కపక్కనే మంచాలు వేయించనా అని అడిగారు. మా అక్క ఎలుక కాదన్నాను. కాదు గనకే వద్దంటున్నా అన్నారు.
తలుపు విసురుగా వేసి వచ్చాను. ఎలుకలు బెదిరాయి. మధ్యాహ్నం రీడింగులన్నీ పాడు. మళ్లీ చూడాలి.

మార్చి 20
అక్కకి చెప్పలేదు.

మార్చి 22
చెప్పాను. పోనీలేరా, నా కోపానికి నీ కిడ్నీతో పాటు నీ కోపం కూడా తోడైతే మీ బావ బతకడు అంది. అటు తిరిగి పడుకుంది.
బావ నన్ను వీధి చివరిదాకా సాగనంపాడు. ఎప్పుడూ రాడు. ఎలుకలకు మత్తు ఇస్తారా అని అడిగాడు. ఇస్తారన్నాను. పూర్తిగానా అన్నాడు. పూర్తిగా అన్నాను. మళ్లీ లేస్తాయా అన్నాడు. చాలావరకు లేస్తాయన్నాను.
చాలావరకు అనకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ 11
నా బీపీ మాత్రల కోసం హాస్పిటల్‌కి వెళ్లాను. రక్తం తీసే గది బయట బెంచీ మీద బావ, కళ్లకు తువ్వాలు కట్టుకుని. అలికిడికి నన్ను నర్సు అనుకున్నట్టున్నాడు, తీయడం అయ్యాక చెప్పమ్మా, విప్పుతా అన్నాడు. ఇంకా తీయనే లేదు. అయినా, అయిపోయింది బావా, విప్పు అన్నాను.
ఇది మూడోసారట. మొదటిసారి కుర్చీలోంచి పడ్డాడట. గ్రూపు కలిసింది. బీపీ 116/74. అక్కతో ఇన్నేళ్లు కాపురం చేసి ఆ బీపీ ఏంటో నాకు అర్థం కాదు. తేలేదాకా మీ అక్కకి చెప్పకు, ఆశ పెట్టి లాక్కోకూడదు అన్నాడు.
సంతోషించాలి. ముందు వచ్చింది మాత్రం అసూయ.

మే 14
బావ కిడ్నీ ఇవ్వడానికి హాస్పిటల్ కమిటీ ఒప్పుకుంది. అక్క బావను ఒక పూటంతా తిట్టింది, అడగకుండా వెళ్లినందుకు. బావ రిపోర్టులు చూసి, ఇలాంటి ఎలుక నా దగ్గర ఒక్కటీ లేదయ్యా అన్నారు మేడం.

జూన్ 2, ఉదయం
ఇద్దరినీ లోపలికి తీసుకెళ్లారు. ఎలుకల్ని ఈ రోజు ఇంకెవరో పట్టుకుంటే బ్యాచ్ పాడవుతుందని మేడంకి ఫోన్ చేశాను. రీడింగుల పట్టికలో ఈ రోజు గడి ఖాళీగా వదిలెయ్, అక్కడే ఉండు అన్నారు. ఖాళీ గడి ఆవిడ వదలడం నేనెప్పుడూ చూడలేదు.

జూన్ 2, మధ్యాహ్నం
బావ లేచాడట. అక్కకి కుట్టిన కిడ్నీ నుంచి ఆపరేషన్ టేబుల్ మీదే మూత్రం వచ్చిందట, అంటే పనిచేస్తోందట. సర్జన్ బయటికి వచ్చి చెప్పాడు. నాకు సరిగ్గానే వినబడింది. అయినా మళ్లీ చెప్పమన్నాను.