ఒక్క అమ్మాయికి నలభై మంది భోజనం

దొరికిందండీ, మా అమ్మాయికి మీ నలభై రెండు కిలోమీటర్ల పందెంలో చోటు దొరికింది. సంతోషంలో నమస్కారం చెప్పడం మరిచిపోయి ముందే రాసేశాను, ఇప్పుడు చెబుతున్నాను: పరుగుపందెం భోజనాల అధికారి గారికి, పదిమందికి అన్నం పెట్టే మీ చేతులకి, నమస్కారం.

మీ కార్డు వచ్చినప్పటినుంచి నా కాళ్ళు నేలమీద ఆనడం లేదు. పరిగెత్తాల్సింది అది, ఆయాసం నాకు.

నేను ముప్పై నాలుగేళ్ళు హాస్టల్లో వంట చేసి రిటైరైనవాణ్ణి. చదివింది ఐదో తరగతి. అమ్మాయి నూలు మిల్లులో పనిచేస్తుంది. తొమ్మిదేళ్ళయినా ఇంకా తాత్కాలికమే. మిల్లు తరఫున పరిగెత్తి ఐదు గంటల్లోపు పందెం పూర్తిచేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామని సూపర్‌వైజరు గారు మాటిచ్చారు. నిరుడు వెళ్ళింది. మేము మాంసం, చేప, గుడ్డు ముట్టనివాళ్ళం. రెండు రోజుల రైలు ప్రయాణంలో తినదగిందేదీ దొరక్క అరటిపళ్ళ మీద బతికింది. తీరా మీ భోజనశాలకి వెళితే పులుసులో ఏదో తేలుతూ కనబడిందట, లేచి వచ్చేసింది. ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. మిల్లువాళ్ళు తీసుకొస్తే ఇక్కడి ఆస్పత్రిలో చేర్పించాం.

ఈ ఏడు దానికి ముప్పై నిండుతాయి. ముప్పై దాటినవాళ్ళని మిల్లు పంపదు. అంటే ఇదే ఆఖరిసారి. దయచేసి దానికి శాకాహారం పెట్టించండి. ఇంకేమీ అడగను.

ఇట్లు,
ఆనందంలో అక్షరాలు వంకరపోతున్న ఒక తండ్రి.

తా.క. మాంసం వండిన గిన్నెనే కడిగి వండుదామనుకుంటారేమో, అది పట్టేస్తుంది. పక్కింటి తాలింపులో ఏం పడిందో గోడకి ఇవతలనుంచే చెప్పగలదు. పరిగెత్తే కాళ్ళు ఎవరి పోలికో తెలియదు గాని ఆ ముక్కు మాత్రం నాదే.

*

అయ్యా,

మీ ఉత్తరం చేరినది. మా కార్యాలయంలో ఫారాలను ఫారాల విభాగము, ఉత్తరాలను ఉత్తరాల విభాగము చూచును. మీది పొరపాటున నా బల్లమీదకు వచ్చినందున చదివాను. ఇకపై రాదు. భోజనం ఫారంపై మాత్రమే మంజూరగును. ఆరో నంబరు ఫారం జతచేశాము. కావలసిన సరుకులు, వాటి పరిమాణము స్పష్టముగా నింపి పంపగలరు. ఫారం పంపని శాకాహారులకు ఉడికించిన ఆకులు ఇవ్వబడును.

ఇట్లు,
భోజన విభాగం అధికారి.

తా.క. మీ ముక్కు వివరాలకు ఫారంలో గడి లేదు.

*

అధికారి గారికి, మీ ఇంటిల్లిపాదీ వేళకి భోంచేస్తున్నారని తలుస్తాను.

ఆకులన్న మాట చదివి అదిరిపడ్డానండీ. ఆకులు పెట్టి మేకనైనా నలభై రెండు కిలోమీటర్లు తోలరు. అందుకని వెంటనే ఫారం నింపడానికి కూర్చున్నాను. వెంటనే అంటే మూడు రోజులు పట్టింది. నాకు ఒక్క మనిషి లెక్క రాదు. సర్వీసు మొత్తంలో ఒక్క మనిషికి ఏనాడూ వండలేదు. మా హాస్టల్లో అన్నిటికన్నా చిన్న కొలత ఒక వాయి. ఆ ఒక్క వాయికే రాశాను: గోధుమపిండి పది కిలోలు, బంగాళాదుంపలు పన్నెండు, పప్పు ఐదు, వేరుశెనగ గుళ్ళు ఎనిమిది, బెల్లం ఆరు, ఖర్జూరం నాలుగు. అందులోంచి అమ్మాయికి ఎంత కావాలో అంత మీరే తీసుకోండి.

ఇంట్లోనూ నాది ఇదే తంతు. రిటైరైన మర్నాడు మా ముగ్గురికని పప్పు వండితే వీధి వీధంతా మూడు రోజులు తింది. ఆనాడే మా ఆవిడ వంటింటికి తాళం వేసి చెవి కొంగున కట్టుకుంది. ఆరేళ్ళయింది.

ఇట్లు,
మీ మేలు మరవని మాజీ వంటవాడు.

తా.క. ఫారంలో పరిగెత్తేవారి సంఖ్య అని ఒక గడి ఉంది. ఒకటి అని వేశాక దానిమీద నూనె చుక్క పడింది. కనబడకపోతే కంగారు పడకండి, ఒక్కతే అని ఈ ఉత్తరంలో రాశానుగా.

*

అయ్యా,

మీ ఫారం చేరినది. సంఖ్య గడి చదువ వీలుకాలేదు. సరుకుల పరిమాణమునుబట్టి మీ బృందము నలభై మంది అని లెక్కల విభాగము తేల్చినది. కావున మీ అమ్మాయి విడి నమోదు రద్దుపరచి, బృందంలో నలభయ్యో నంబరుగా చేర్చాము. ఇరవై మందికి మించిన బృందాలు తమ భోజనం తామే తెచ్చుకోవలెను.

నలభై నంబరు గుడ్డలు పార్సిల్లో పంపాము. ఒక్కొక్క గుడ్డలో చిన్న బిళ్ళ కుట్టి ఉన్నది. అది ఎన్నింటికి బయలుదేరినదీ, ఎన్నింటికి గమ్యం చేరినదీ దారిలోని యంత్రాలు వాటంతటవే నమోదు చేసుకొనును. గుడ్డలు ఉతకరాదు. నియమాలు వెనుకవైపు ఉన్నవి. ముఖ్యముగా తొమ్మిదో నియమము: దారిలో బయటివారినుండి ఆహారం పుచ్చుకున్నవారి ఫలితం రద్దగును.

ఇట్లు,
భోజన విభాగం అధికారి.

తా.క. ఒకే చోటినుండి నలభై మంది శాకాహారులు రావడం మా చరిత్రలో ఇదే మొదలు. అధ్యక్షులవారు విని కుర్చీలోనుండి లేచి నిలబడ్డారు.

*

అధికారి గారికి, నలభై నమస్కారాలు.

పార్సిలు విప్పి నోరు వెళ్ళబెట్టాను. ఒక్కదానికి తిండి పెట్టండి మహాప్రభో అని నేనంటే, నలభై మందికి పట్టుకురా అని మీరు. ఆ నలభై మందీ ఎవరని అడగలేదండీ. అడిగితే మనసు మార్చుకుంటారేమోనని భయం. ఆరేళ్ళ తరవాత నన్ను నలభై మందికి వండమన్న మహానుభావులు మీరొక్కరే. మీ ఆఫీసు ముద్ర చూసి మా ఆవిడ మారుమాట లేకుండా తాళంచెవి తీసి చేతిలో పెట్టింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

గుడ్డల సంగతి చూడగానే తెలిసిపోయింది. మా హాస్టల్లో కూడా పిల్లల టిఫిను డబ్బాలు మారిపోకుండా నంబరు గుడ్డలు కట్టేవాళ్ళం. నలభయ్యోది అమ్మాయికి ఇచ్చాను. అది మిల్లు శిక్షకుడితో వారం ముందే బయలుదేరింది. మిగతా ముప్పై తొమ్మిదీ పొట్లాలకి పిన్నులతో గట్టిగా గుచ్చాను. రొట్టెలు, బెల్లం వేసిన వేరుశెనగ ఉండలు, ఖర్జూరాలు. అన్నీ తీసుకుని రేపు నేనూ రైలెక్కుతున్నాను. ఈ వారం రోజులూ ఆ పిల్ల ఏం తిందో, అసలు తిందో లేదో. మీ నియమాలు చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్నాయి, పందెం అయ్యాక తీరిగ్గా చదువుకుంటాను.

ఇట్లు,
మళ్ళీ గరిటె పట్టినవాడు.

తా.క. గుడ్డలు ఉతకలేదు. ఒకటి మాత్రం బెల్లం పాకంలో పడింది. నాకి శుభ్రం చేశాను.

*

అయ్యా,

ఈ ఉత్తరం రాయడానికి నాకు రెండు రోజులు చేయి ఆడలేదు.

పందెం రోజున మీ బృందంలో ముప్పై తొమ్మిది మంది ఒకే క్షణంలో బయలుదేరినట్టు యంత్రాలు నమోదు చేసినవి. వారిలో ముప్పై ఎనిమిది మంది గంటా యాభై నిమిషాలలో, అదీ ఒకే క్షణంలో గమ్యం చేరారు. మొదటి ముప్పై ఎనిమిది స్థానాలూ మీవే. అందరికన్నా ముందున్నానని నమ్మి వచ్చిన యువకుడు ఫలితాల పలక చూచి రోడ్డుమీద చతికిలబడ్డాడు. ఆ సమయానికి గమ్యం దాటినది మంచినీళ్ళ వ్యాను ఒక్కటేనని ఫొటోలు చెప్పుచున్నవి.

అప్పుడు మీ పాత ఉత్తరాలన్నీ ఉత్తరాల విభాగంనుండి తెప్పించి ఒక్కసారే చదివాను. చదివాక మంచినీళ్ళు అడిగి తాగాను. ముప్పై ఎనిమిది పొట్లాల ఫలితాలూ రద్దుచేశాము.

అసలు చిక్కు ఇది. మీ అమ్మాయి నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకు పందెం పూర్తిచేసినది. పదిహేడో నంబరు కూడా ఆమెతోపాటే గమ్యం చేరినది. ఫొటోలో ఆమె పక్కన చెప్పులతో ఒక ముసలాయన పరిగెత్తుచున్నారు, చంకలో పదిహేడో నంబరు పొట్లం. ముప్పై తొమ్మిదో కిలోమీటరు ఫొటోలో మీ ఇద్దరి మధ్య ఒక ఉండ ఉన్నది. ఎవరో అడ్డువచ్చినందున అది ఎవరి నోటికి పోవుచున్నదో తెలియదు. ఆమె నోటికైతే తొమ్మిదో నియమం ప్రకారం ఫలితం రద్దు. విచారణ అధికారిణి గురువారం మిల్లుకు వచ్చెదరు. అంతవరకు ధ్రువపత్రం ఆపి, మిల్లువారికి తెలియపరచాము.

ఇట్లు,
భోజన విభాగం అధికారి.

తా.క. మీ ముప్పై ఎనిమిది మందిని మెచ్చుకొంటూ అధ్యక్షులవారు అప్పటికే అరగంట ప్రసంగించి ఉన్నారు.

*

ఖాయమైందండీ, మా అమ్మాయి ఉద్యోగం ఖాయమైంది. అధికారి గారికి నమస్కారం. మీ విచారణ అధికారిణి గారు ముక్తసరి మనిషి, ఆవిడ రిపోర్టులో అసలు సంగతులు ఉండవు. అందుకని నేనే రాస్తున్నాను.

ఆరోజు రైలు ఆలస్యమైంది. నేను చేరేసరికి అందరూ బయలుదేరుతున్నారు. కాళ్ళావేళ్ళా పడితే నీళ్ళ వ్యాను డ్రైవరు పొట్లాలతో సహా ఎక్కించుకున్నాడు. నిరుడు అమ్మాయి పడిపోయిన చోట, ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర, ఒక్క పొట్లం పట్టుకుని దిగిపోయాను. మిగతావి నీళ్ళతోపాటు ముందుకెళ్ళాయి. రెండు గంటలు ఎండలో నిలబడ్డాక వచ్చింది. తినమ్మా అని పొట్లం చాపాను. వద్దన్నట్టు చెయ్యి ఊపి సాగిపోయింది. వారం రోజుల ఆకలి కదా అని నేనూ వెంటపడ్డాను. ఒక్క ఫర్లాంగు బతిమాలితే తింటుందనుకున్నాను. అదేమో ఆగదు, నేనేమో వదలను. అలా పదకొండు కిలోమీటర్లయింది.

ఇంటికొచ్చాక నా నోరు ఊరుకోలేదు. ఉండలు తినిపించి కూతురి చేత పందెం పూర్తి చేయించానని వీధి వీధంతా చెప్పుకున్నాను. మిల్లులో కూడా. మీ ఆఖరి ఉత్తరం నాకు ఆలస్యంగా అందింది, మిల్లువాళ్ళు రమ్మంటే ఆ గర్వంతోనే గురువారం విచారణకి వెళ్ళాను. మీ తొమ్మిదో నియమంలో బయటివారంటే కన్నతండ్రి కూడానని సూపర్‌వైజరు గారు పైకి చదివి వినిపించేదాకా నాకు తెలియదు. మిషన్లు ఆపేసి అందరూ నావైపే చూస్తున్నారు. వాళ్ళలో సగం మందికి నేనే స్వయంగా చెప్పానాయె. అమ్మాయి తల వంచుకుని నిలబడింది. నన్ను పదిమందిలో చిన్నబుచ్చడం ఇష్టంలేక అది నోరు విప్పలేదని నాకు తెలుసు.

విచారణ అధికారిణి గారు ఫొటో ముందుకి జరిపి అడిగారు: "ఈ ఉండ ఎవరు తిన్నారు?"

"నేనేనమ్మా," అన్నాను. "పొట్లం మొత్తం నేనే తిన్నాను. నేను ఆయాసపడుతుంటే అదే విప్పి ఒక్కొక్కటీ నా నోట్లో పెట్టింది. అది ఒక్క పలుకు ముట్టలేదు. వీధిలో నేను చెప్పిందంతా గొప్ప."

కూతురి కోసం ఏ తండ్రయినా ఆ మాటే అంటాడనుకుని ఆవిడ నమ్మలేదు. సంచిలోంచి ఇంకో ఫొటో తీశారు, నలభై ఒకటో కిలోమీటరుది. అందులో నా రెండు బుగ్గలూ బూరెల్లా ఉన్నాయి, మీసాలనిండా వేరుశెనగ పొడి. అమ్మాయి ఒక చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది. పెదవులు బిగించుకుని ముందుకి చూస్తోంది. ఆవిడ ఆ ఫొటో చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫొటో చూసి నవ్వు ఆపుకోవడానికి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

మరి నువ్వేం తిన్నావని దాన్ని అడిగారు. అప్పుడు బయటపడిందండీ. నాలుగు నెలల ముందునుంచే అది అక్కడికి తిరిగే రైళ్ళవాళ్ళని అడిగి, ఏ స్టేషన్లో ఏ బండివాడి దగ్గర మాంసం తగలని రొట్టె దొరుకుతుందో, ఎక్కడ పప్పు విడిగా వండుతారో నోటు పుస్తకంలో రాసుకుంది. పందెం ఊళ్ళో ఒక ముసలమ్మ ఇంట్లో పూటకింతని మాట్లాడుకుంది. వారంలో ఒక్క పూట పస్తు లేదు. మరి ముందే చెప్పలేదేమే అన్నాను.

"చెబితే నువ్వు వండేవాడివి కాదుగా నాన్నా," అంది. "ఆరేళ్ళకి అమ్మ నీకు తాళంచెవి ఇచ్చింది."

అధికారిణి గారు అక్కడికక్కడే సంతకం చేశారు. సూపర్‌వైజరు గారు ఉద్యోగం కాగితం దాని చేతికిచ్చారు. దాని పేరు పక్కన ఉండే 'తాత్కాలికం' అన్న మాట అందులో లేదు. వెతికాను, ఎక్కడా లేదు.

ఇట్లు,
మోకాళ్ళకి పట్టీలతో, మీ విధేయుడు.

తా.క. పదకొండు కిలోమీటర్లు పరిగెత్తానంటే ఇక్కడ ఒక్కరూ నమ్మడం లేదు. కనుక అమ్మాయి ఉద్యోగం సంగతీ, నా పరుగు సంగతీ మీ ఆఫీసు ముద్ర వేసి ఈ కిందివాళ్ళకి తెలియజేయండి:

మా పెద్దక్కయ్య. ఆవిడకి చెవుడు, కాస్త పెద్ద అక్షరాలతో రాయండి.

మా పెద్దల్లుడు. నన్ను మేడమెట్లు ఎక్కవద్దన్న డాక్టరు ఆయనే. ముందు కూర్చోమని రాసి, తరవాత విషయం రాయండి.

మా తోడల్లుడు. ఎలాగూ నమ్మడు, ఫొటో జతచేయండి. బుగ్గలు కనబడనిది.

మా ఆవిడ తమ్ముడు. పరిగెత్తింది రాయండి, తిన్నది వద్దు.

ఆఖరుగా మా అన్నయ్య. నిరుడు అమ్మాయి పడిపోయినప్పుడు ఆస్పత్రి వరండాలో అందరి ముందూ, ఊరి పిల్లలందరికీ వండిపెట్టావు, నీ పిల్లకి పిడికెడు తిండి చూసుకోలేకపోయావు అన్నాడు. ఆయనకి ఇలా రాయండి: పిల్ల తన తిండి తనే చూసుకుంది, దారిలో తండ్రికి కూడా పెట్టింది. రిజిస్టరు పోస్టులో పంపి, అందినట్టు సంతకం పెట్టించండి. కళ్ళజోడు లేదని తప్పించుకోబోతాడు. ఉంటుంది, చొక్కా జేబులో చూసుకోమనండి.