తూము దగ్గర చెప్పిన మాట

బాన్సువాడ,
25-7-1999

చి.ల.సౌ. నీలకు,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను, మీ అన్నయ్య, వదిన, పిల్లలు, రెండు గేదెలు క్షేమం. గేదెల సంగతైతే ఒట్టేసి చెప్పగలను. మిగతావాళ్ల సంగతి ఈ ఉత్తరం ఆఖరుదాకా చదివి నువ్వే తేల్చుకో. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయబోతే ఈసారి కలం కదల్లేదు. అందుకని ఆ వాక్యం వదిలేస్తున్నాను. ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం పదిహేడో తారీఖున అందింది. మోకాలి గురించి అడిగావు. అది నాకంటే ముందే ముసలిదైపోయింది. మీ వదిన పూసే నూనె వల్ల నొప్పి తగ్గలేదు కానీ, ఆ వాసనకి నా గదిలోకి ఎవరూ రావడం లేదు. ఆ మేలు ఉంది. ఆవకాయ జాడీ పంపడానికి మనిషి దొరకలేదు. బస్సులో వేసి పంపితే గుంటూరు చేరేది జాడీయో ఊటో చెప్పలేం.

గోపీ గోడ పట్టుకోకుండా వరండా చివరిదాకా నడుస్తున్నాడని రాశావు. గ్లాసు రెండు చేతులా పట్టుకున్నా సగం నీళ్లు చొక్కా మీదే పడుతున్నాయనీ, మాట ముద్దగా వస్తోందనీ, ఫోనెత్తితే తెలియనివాళ్లు తాగి ఉన్నాడనుకుంటున్నారనీ రాశావు. ఎండదెబ్బ మెదడుకి తగిలింది, ఎంతవరకు తిరిగొస్తే అంతే అన్నాడన్నమాట డాక్టరు. ఇరవై ఏళ్ల పిల్లాడి గురించి అలాంటి మాట ఎలా విన్నావో గానీ, నేను మాత్రం చదివి, కాగితం మడిచి, మళ్లీ విప్పి చదివాను. మధ్యలో మారుతుందేమోనని.

వాడి సైకిలు వసారాలోనే ఉంది. అమ్మేయమన్నావు. కొనేవాడు రాలేదు. బెల్లు మాత్రం ఎవరో ధర అడక్కుండానే పట్టుకుపోయారు.

వాణ్ని బతికించిన ఆ తండా ఆవిడకి ఏమిచ్చారని అడిగావు. ఆవిడ పేరు హీరాబాయి. మీ అన్నయ్య చీర పంపాడు. కొత్తదేనని నీకు రాసి ఉంటాడు. మీ వదిన రెండుసార్లు కట్టి, రంగు నప్పలేదని మూలన పడేసిన చీర అది. ఆవిడ తీసుకుని, పిల్లగాడు లేచి తిరుగుతున్నాడా అని అడిగిందట. ట్యాంకరు రాని రోజున ఇంట్లో ఉన్న ఒక్క బిందె నీళ్లూ వాడి ఒంటి మీద పోసిన మనిషికి మనం ఇచ్చిన గౌరవం అది. నేను అడ్డు చెప్పలేదు. ఈ మధ్య నేను దేనికీ అడ్డు చెప్పలేదు. అసలు సంగతి అదే.

ఇక నాలుగో ప్రశ్న. దాన్ని రెండుసార్లు రాసి కింద గీత గీశావు. "నీళ్లున్నాయని చెప్పి నా బిడ్డని చావుకి పంపిన ఆ ఎల్లన్నని తీసేశారా లేదా?" అన్నావు.

తీసేశారమ్మా.

ఎల్లన్న ఇరవై రెండేళ్లు మన పిల్లకాలవకి నీరటి. ఎవరి మడికి ఎప్పుడు తూము ఎత్తాలో, ఎప్పుడు దించాలో వాడే చూసేవాడు. అర ఎకరం కౌలుకి చేసేవాడికీ, మీ అన్నయ్యకీ ఒకే కొలత. అందుకే మీ అన్నయ్యకి వాడంటే మొదటినుంచీ గిట్టదు. జూన్ ఆఖర్లో రైతులంతా మన వాకిట్లో కూర్చుని వాణ్ని తీసేసి, భూమేశ్‌ని పెట్టుకున్నారు. ఎల్లన్నకి పంటకింత అని కళ్లంలో కొలిచిచ్చే వడ్లు తప్ప వేరే తిండి లేదు. సొంత భూమి లేదు. గుడిసె కూడా కాలవగట్టు మీదే.

జరిగినదంతా నీకు తెలిసిందే. మళ్లీ ఎందుకు రాస్తున్నానంటే, నీకు తెలిసినదాంట్లో ఒక మనిషి ఉండాల్సిన చోట ఇంకొకరున్నారు.

గోపీ మే నెలలో ఆ గేర్ల సైకిలూ, గొడుగంత గుడారమూ వేసుకుని దిగాడు కదా. మీ నాన్న పెట్టె తిరగేసి ఆయన నోటు పుస్తకం పట్టుకున్నాడు. అరవై ఒకటిలో ఆయన భూములు వెతుక్కుంటూ, మండే ఎండల్లో ఒంటరిగా, సైకిలు మీద మద్నూర్ దాటి మహారాష్ట్ర పొలిమేరదాకా పోయాడు. నాలుగు రోజులు చెట్ల కింద పడుకున్నాడు. బండిబాటలూ, మంచినీళ్ల బావులూ పెన్సిలుతో గీసుకున్నాడు. ఆ కథ పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ కూడా చెప్పి మనందరి ప్రాణాలు తీశాడు. మనవడు అదే దారిన అదే ఎండలో పోతానన్నాడు. నాకు ఎంత మురిపెమో నీకు చెప్పక్కర్లేదు. రెండు రోజులు సున్నుండలు చుట్టాను.

మూడో రోజు భోజనాల దగ్గర వాడు ఆ పుస్తకంలో దూరాలు లెక్కకట్టి, "కుదరడం లేదమ్మమ్మా. తాతయ్య బస్సులో పోయొచ్చి సైకిలు మీద పోయానని కోతలు కోసుంటాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పప్పు వడ్డిస్తున్నాను. గరిటె ఆగలేదు, మొహం మారలేదు. ఆ మాట ముప్పై ఏళ్లు నేను ఆయన్ని అన్నదే నీలా. నేనంటే సరసం. ఆయన పోయి ఆరేళ్లయ్యాక వాడు అంటే మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆ సాయంత్రం పుస్తకం తెచ్చి అడిగాడు. పెద్ద కొడప్‌గల్ దాటాక రోడ్డు వదిలి బండిబాట పడితే తాతయ్య రెండు బావులు గుర్తు పెట్టాడు, అవింకా ఉన్నాయా అని. నేను, "బావులకేమన్నా కాళ్లున్నాయా, లేచిపోవడానికి?" అన్నాను.

అవి లేవని నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఆ వైపు పెళ్లికి పోతూ, మీ నాన్న నీళ్లు తాగిన బావులు చూద్దామని నేనే జీపు తిప్పించాను. మొదటిది మట్టితో పూడ్చేశారు. రెండోదాంట్లో అడుగున రాళ్లు తప్ప ఏమీ లేదు. చుట్టూ బోర్లు పడ్డాక అది ఎండి చాలా ఏళ్లయిందన్నారు. జీపులో వెనక ఎల్లన్న ఉన్నాడు. ఇద్దరం కలిసే తొంగి చూశాం.

ఒక పూట నోరెండితే తాతయ్య ఏ ఎండలో తిరిగాడో తెలుస్తుంది, మొదటి బావి దగ్గరే బుద్ధొచ్చి వెనక్కి తిరుగుతాడు అనుకున్నాను. పదిమందిలో వాణ్ని ఏడిపించడానికి ఒక మాట కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయను.

ఇంతైతే పొరపాటనుకుని నువ్వు నన్ను క్షమించే వీలుంది. ఆ వీలు నీకు మిగల్చకూడదని మిగతాది కూడా రాస్తున్నాను. మొదటి రోజు వాడు పిట్లం మీదుగా పెద్ద కొడప్‌గల్ చేరి, బడి ఆవరణలో గుడారం వేసి, ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాడు. ఊళ్లోవాళ్లు తనని సర్కసు మనిషి అనుకుంటున్నారనీ, గుడారం లోపల ఏముందో చూపించమంటున్నారనీ నవ్వాడు. తర్వాత, "అమ్మమ్మా, ఇక్కడివాళ్లు ఆ బాటలో నీళ్లు లేవంటున్నారు. రోడ్డు మీదే పోనా?" అన్నాడు. రోడ్డు మీద పోతే లారీలుంటాయి, టీ కొట్లుంటాయి, ఏమీ అయ్యేది కాదు.

నేను, "వాళ్ల మాట నమ్ముతావా, మీ తాతయ్య రాత నమ్ముతావా?" అన్నాను.

వాడు తాతయ్యని నమ్మాడు. మొండితనంతో పోయాడని మీ ఆయన అంటున్నాడట. కాదు. నా మాట మీద పోయాడు. మొదటి బావి లేకపోతే రెండోది ఉంటుందని పోయాడు. రెండు సీసాలు అయిపోయాక కూడా సైకిలు తోసుకుంటూ పోయాడు. హీరాబాయికి కనిపించేటప్పటికి ముళ్లకంప నీడలో పడి, "ఉన్నాయన్నారు, ఉన్నాయన్నారు" అని గొణుగుతున్నాడట.

ఎవరన్నారు అని అందరూ అడిగారు. నీళ్ల సంగతి నీరటి కాక ఇంకెవరు చెప్తారు? బయల్దేరిన పొద్దున ఎల్లన్నే వాడి చక్రాలకి గాలి కొట్టాడు, ఇద్దరూ అరుగు మీద పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. మన కాలవ మీద వ్యవసాయం చేసేవాళ్లకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పంచాయితీలో మీ అన్నయ్య, "నువ్వేనా చెప్పింది?" అని గద్దిస్తే ఎల్లన్న నా వైపు చూశాడు. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. నాకు చదువుంది, నోరుంది. ఆ రోజు రెండింటినీ చెంగుకి ముడేసుకుని కూర్చున్నాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు వాడి గుడిసెకి వెళ్లాను. వాడి పెళ్లాం లస్మవ్వ పీట వేసింది. ఆవిడ పొయ్యి మీద గటక ఉడుకుతోంది. వడ్లు రావని తెలిసి అప్పుడే జొన్నల్లోకి దిగారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఎల్లన్న తాడు పేనుతూ విన్నాడు, చెయ్యి ఆపలేదు.

"నాకు ఎరుకే పెద్దమ్మా" అన్నాడు. "నీళ్లు లెవ్వు బిడ్డా, పోకు అని నేను జెప్పిన. మా అమ్మమ్మ ఉన్నయన్నదన్నడు. మీరు గూడ సూసిన్రు గద, ఇగ మీరే ఉన్నయన్నంక నేనేమంట? మీకు తెల్వంది నాకెరుకనా అనుకున్న."

మరి పంచాయితీలో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు జెప్తరని సూసిన."

లస్మవ్వ పొయ్యి దగ్గరనుంచి, "అవ్వకు నీళ్లియ్యున్రి, ఎండల వడి వచ్చింది" అంది. అందులో వెటకారం ఉందేమోనని ఆశగా వెతికాను. లేదు.

అన్నయ్యతో చెప్పి నిన్ను మళ్లీ పెట్టిస్తానన్నాను. ఎల్లన్న తల ఊపలేదు. "నా గుడిసెల చెప్తె నాకేమొస్తదమ్మా. తూము కాడ చెప్పున్రి, అందరున్నప్పుడు" అన్నాడు.

మొన్న గురువారం కాలవకి నీళ్లు వదిలారు. తూముకి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టారు. భూమేశ్ కొత్త తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. రైతులు నలభైమంది దాకా ఉన్నారు. ఎల్లన్న అవతలి గట్టు మీద, పని లేనివాడిలా. భూమేశ్ తూము పలక మీద చెయ్యి వెయ్యబోతుంటే ఆగమన్నాను. నీకిప్పుడు రాసిందంతా చెప్పాను. పూడిన బావి, ఎండిన బావి, ఫోను, అన్నీ. పదో తరగతి పాఠం చెప్పినంత స్పష్టంగా చెప్పాను.

అంతా విన్నారు. తర్వాత మీ అన్నయ్య వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. వాడు నన్ను ముట్టుకుని ఎన్నాళ్లయిందో. "ఏమీ అనుకోకండి. నాన్న పోయినప్పటినుంచీ ఇంతే. ఇప్పుడు మనవడి దిగులొకటి. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు" అన్నాడు. పొద్దున నేను నాలుగు ఇడ్లీలు తిన్నాను. ఎవరో కుర్చీ తెచ్చారు. ఎవరో సోడా కొట్టి చేతిలో పెట్టారు. పాపం పెద్దమ్మ అన్నారు. జీవితంలో మొదటిసారి నేను మాట్లాడుతుంటే ఒక్కరికీ కోపం రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. నేను గుడిసెకి వెళ్లడం చూసినవాడొకడు ఆ మాట బయటపెట్టాడు. పిచ్చి ముసలిదాన్ని ఇంటికి పిలిపించుకుని ఎల్లన్న నూరిపోశాడని తేల్చారు. మందు పెట్టాడని కూడా అన్నారు. భూమేశ్ పలక ఎత్తాడు, నీళ్లు పోయాయి. వచ్చే నెలాఖరుకల్లా గట్టు మీది గుడిసె కూడా ఖాళీ చెయ్యాలని అక్కడికక్కడే తీర్మానం చేశారు. నేను నోరు మూసుకున్నప్పుడు వాడి పని పోయింది. నోరు విప్పితే ఇల్లు పోతోంది.

ఇంటికొచ్చాక మీ అన్నయ్య తలుపు వేసి అడిగాడు, నిజమేనా అని. నిజమే అన్నాను. "అయితే మాత్రం ఇక ఎవరితోనూ అనకు. నీరటి ఎవడైతే మనకేం?" అన్నాడు. రేపు నిజామాబాదులో నరాల డాక్టరుకి చూపిస్తాడట నన్ను.

వచ్చే ఆదివారం, ఆగస్టు ఒకటిన, రైతులు మళ్లీ కూర్చుని ఈ ఏటి వంతులు రాసుకుంటారు. ఆ కాగితం మీద ఎవరి వేలిముద్ర పడితే ఏడాదంతా వాడే నీరటి. గుడిసె మాట కూడా ఆ రోజే కాగితం మీదికెక్కుతుంది. నా మాట ఇక చెల్లదు. గోపీ మాట వాళ్లకి అర్థం కాదు. మిగిలింది నువ్వు. పిల్లాడి తల్లివి. నీ బాధని పిచ్చి అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఈ ఉత్తరం చేతిలో పెట్టుకుని గోపీని అడుగు. ఎల్లన్న వద్దన్నాడా, అమ్మమ్మ పొమ్మందా అని. ఎవరు చెప్పారని అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడని రాశావే, వాడు దాస్తున్నది నన్ను. నెత్తిన పెట్టుకుని దాస్తున్నాడు. ఇక ఆ బరువు దించెయ్యమను. తల ఊపితే చాలు.

తర్వాత నాకు ఉత్తరం రాయి. అన్నయ్య పేరున కాదు, రైతులందరి పేరున, వాళ్ల ముందు పైకి చదవడానికి వీలుగా. నా కొడుకుని ఇలా చేసింది మా అమ్మే, తెలిసి చేసింది, మతి ఉండే చేసింది అని రాయి. నన్ను ఏమేం అనాలనిపిస్తే అన్నీ అను. మర్యాద చూడకు, వయసు చూడకు. మెత్తగా రాశావో, కూతురు తల్లిని ఓదారుస్తోందనుకుంటారు. నువ్వు నన్ను ఎంత గట్టిగా తిడితే ఎల్లన్నకి అంత గట్టి సాక్ష్యం.

మళ్లీ ఈ ఇంటి గడప తొక్కనని కూడా రాయొచ్చు. అది ఉత్తరానికి బలం. రాసినట్టే చేసినా నేను అడగను.

గురువారంలోపు టపాలో వెయ్యి. సాధారణం పనికిరాదు, స్పీడు పోస్టు చెయ్యి.

ఇట్లు,
మతి సరిగ్గానే ఉన్న
మీ అమ్మ,
సుబ్బరత్నమ్మ