వద్దన్నవాళ్ళ చేతిలో తాళంచెవి

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం. ఉత్తరాల్లో అందరూ అలవాటుగా రాసే మాటే ఇది. నేను మాత్రం ఒకసారి ఒళ్ళంతా తడిమి చూసుకుని మరీ రాస్తున్నాను. నువ్వూ, మరదలూ, అమ్మా కులాసాగా ఉన్నారని చదివి మనసు కుదుటపడింది. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందన్నావు. తగ్గిందని ఆవిడ చెప్పిందా, నువ్వు కళ్ళారా చూశావా? ఆవిడ చెబితే మాత్రం నమ్మకు. నొప్పి దాచుకోవడం మన ఇంటి ఆడవాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

ఫోన్లో మాట్లాడక ఈ కాగితాలేమిటని అనుకుంటావేమో. ఇక్కడి ఫోను సంగతి నీకు తెలిసిందే, "అన్నం తిన్నావా" అనేలోగా లైను పోతుంది. పైగా నీకు చెప్పాల్సింది ఒకటుంది. అది మధ్యలో తెగిపోతే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకుండదు. మా హోటల్లో ఉండే డాక్టరమ్మ గారు ఎల్లుండి బయల్దేరుతున్నారు, ఆవిడ చేతికిచ్చి పంపుతున్నాను.

ముందు అమ్మ ప్రశ్న. "ఆ ఇనప చొక్కా వేసుకుంటోందా లేదా?" అని అడగమందట. తూటాలు తగలకుండా బయటికెళ్ళినప్పుడల్లా వేసుకుంటున్నానని చెప్పు. పది కిలోలుంటుంది. ఏడాది పిల్లాడివప్పుడు నిన్ను చంకనేసుకుని వీధంతా తిప్పేదాన్ని, సరిగ్గా అంత బరువు. కాకపోతే ఇది ఏడవదు, మీద పాలు కక్కదు, ఆ రకంగా నీకన్నా నయం.

గది ఎలా ఉంటుందని మరదలు అడిగింది. మూడో అంతస్తు. కిటికీ అద్దాలకి అడ్డంగా, నిలువుగా టేపు అంటించారు. మంచం గోడవారకి లాగేశాను. కిటికీ లేనిది స్నానాలగది ఒక్కటే. మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని, బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు బకెట్టుది.

ఇక నీ సంగతి. ప్రారంభోత్సవాల్లో రిబ్బన్లు కత్తిరించేవాళ్ళ ఫొటోలు తీసీ తీసీ విసుగొచ్చిందన్నావు. "మీ ఫొటోగ్రాఫర్ మాస్టారు ఆరోగ్యం బాగాలేక మానేశారట కదా, ఆ ఉద్యోగం నాకు వచ్చేలా ఎడిటర్ గారితో ఒక మాట చెప్పు" అన్నావు. ఎడిటర్ గారూ నాకు రాశారు. "మీ తమ్ముడు పంపిన ఫొటోలు బాగున్నాయి. మీరు సరేనంటే పంపిస్తాను" అని. అంటే నీ ప్రయాణం నా నోటిమాట మీద ఆగింది. రెండు వారాలైంది, ఆ మాట నా నోట్లోంచి రావడం లేదు.

"అసలు భయం వెయ్యదా అక్కా? ప్రమాదం ఎక్కడుందో మీకెలా తెలుస్తుంది?" అని కూడా అడిగావు. వచ్చిన కొత్తలో భయం పిలవకుండానే వచ్చేది. కింద వంటగదిలో పళ్ళెం జారిపడితే నేను బల్ల కింద ఉండేదాన్ని. టీ తెచ్చే ముసలాయన వంగి చూసి, "టీ అక్కడికే ఇమ్మంటారా అమ్మా?" అనేవాడు. నెల తిరిగేసరికి చెవులు పండిపోయాయి. ఎక్కడో గుండు పేలితే, బ్రెడ్డు ముక్క నములుతూనే "ఇది నది అవతల", "ఇది కాస్త దగ్గర" అని చెప్పడం వచ్చేసింది. కొట్టువాడు వాకిలి ఊడ్చుకుంటున్నాడా, షట్టరు సగం దించి పెట్టాడా, ఇలాంటివి చూసి వీధి ఎలా ఉందో పసిగట్టేదాన్ని. అంతా తెలిసిపోయిందని అనిపించేది.

ఒక విచిత్రం చెప్తాను విను. ఇక్కడ ఎవరినడిగినా ప్రమాదం పక్కవీధిలోనే ఉంటుంది. "మా వీధికేం భయం లేదమ్మా, ఆ మలుపు దాటాకే జాగ్రత్త" అంటాడు చెప్పులు కుట్టే ఆయన. మలుపు దాటి మందుల షాపులో అడిగితే, "ఇక్కడేముంది? అసలు గొడవంతా మీరొచ్చిన వైపే" అంటుందామె. విని నవ్వుకున్నాను. ఆలోచిస్తే పేపరుకి వార్తలు రాసే మేమూ అంతే. రేడియో వాళ్ళకి ఒళ్ళు తెలీదు, మేమైతే ఆచితూచి అడుగేస్తాం అని మేం అనుకుంటాం. పేపరువాళ్ళు తెగించినవాళ్ళు, మేమే జాగ్రత్తపరులం అని వాళ్ళు అనుకుంటారు. పిచ్చివాళ్ళెప్పుడూ ఎదుటివాళ్ళే కదా.

మూడో నెల వచ్చేసరికి నా భయం రూపం మారిపోయింది. భయంలా కాదు, కోపంలా వచ్చేది. ఒకరోజు చొక్కా బొత్తాం పోయిందని ఇస్త్రీ చేసే అతని మీద ఇంతెత్తున లేచాను. పాపం అతను తలొంచుకుని వెళ్ళిపోయాక చూస్తే బొత్తాం నా జేబులోనే ఉంది. మాస్టారు అంతా చూసి, "ఇవాళ బయటికి వద్దు" అన్నారు. బొత్తానికీ దానికీ సంబంధమేమిటన్నాను. "నీకు కోపమొచ్చిన రోజున నాకు భయమేస్తుంది" అన్నారు.

మాస్టారి గురించి నీకెప్పుడూ సరిగ్గా రాయలేదు. ఒకప్పుడు బళ్ళో డ్రాయింగ్ నేర్పేవారు, అందుకే ఆ పేరు. యాభై దాటాయి. బండిలో మేం ముగ్గురమే, డ్రైవరు, ఆయన, నేను. మాకొక పద్ధతి ఉంది, ఆయన పెట్టిందే. పొద్దున్న బండి తీసేముందు డ్రైవరు తాళంచెవి అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కరినీ "సరేనా?" అని అడుగుతాడు. ముగ్గురూ సరే అంటేనే బండి కదులుతుంది. ఒక్కరు వద్దన్నా తాళంచెవి వాళ్ళ చేతిలో పెట్టేస్తాడు. ఆ రోజంతా అది వాళ్ళ దగ్గరే. ఎందుకు వద్దని అడగకూడదు, మొహం మాడ్చుకోకూడదు, సాయంత్రం దెప్పకూడదు. టీ తెప్పించుకుని కూర్చోవాలి. "కారణం అడగడం మొదలెడితే, కారణం దొరికినప్పుడే వద్దంటారు. ఒంటికి తెలిసేవాటికి కారణాలుండవు" అనేవారాయన.

నేను రెండుసార్లు వద్దన్నాను. రెండోసారి ఆయనకి మళ్ళీ దొరకని ఫొటో చేజారిపోయింది. మర్నాడు అదే దృశ్యం వేరే పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. మాస్టారు ఆ పేపరు మడిచి, దాని మీద టీ కప్పు పెట్టుకున్నారే తప్ప నన్ను పల్లెత్తు మాట అనలేదు.

ఇక్కడి నుంచి ముందు నువ్వొక్కడివే చదువు. అమ్మకి ఎలా చెప్పాలో తరవాత ఆలోచిద్దాం.

మాస్టారు ఆరోగ్యం బాగాలేక మానెయ్యలేదు. ఆ రోజు పొద్దున్న, నాలుగురోడ్ల కూడలి అవతల ఉన్న బడిలో జనం తలదాచుకున్నారని కబురొచ్చింది. డ్రైవరు అడిగాడు. నేను సరే అన్నాను. మాస్టారు కెమెరా తుడుచుకుంటూ "వద్దు" అన్నారు. తాళంచెవి ఆయన చేతిలోకి వెళ్ళింది.

అక్కడితో నేను ఊరుకోవాలి. ఊరుకోలేదు. ముందు వేళాకోళమాడాను. "ఏం మాస్టారూ, కల్లో మీ ఆవిడ కనిపించి కోప్పడ్డారా?" అన్నాను. ఆయన నవ్వారు గానీ తాళంచెవి ఇవ్వలేదు. "టీవీ వాళ్ళ తెల్ల వ్యాను బడి గోడ పక్కనే ఉందట, మేడ మీంచి డ్రైవరు చూశాడు. వాళ్ళు వెళ్ళగా లేనిది మనం వెళ్ళలేమా?" అన్నాను. ఆయన కెమెరా తుడుస్తూనే ఉన్నారు. అప్పుడన్నాను తమ్ముడూ, "సరే, మీరుండండి. రేడియో వాళ్ళ కారులో నేనొక్కదాన్నే వెళ్తాను" అని.

పైకి ఎంత మర్యాదగా ఉందో చూడు. ఆయన్ని రమ్మనలేదు, బలవంతం చెయ్యలేదు. కానీ నన్నొక్కదాన్నీ పంపి ఆయన టీ తాగుతూ కూర్చోలేరని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆయన కెమెరా సంచీలో పెట్టుకున్నారు. తరవాత తాళంచెవి డ్రైవరుకి ఇచ్చేసి "పద" అన్నారు.

కూడలి సగం దాటాక గుండు పడింది. చప్పుడు నాకు గుర్తులేదు. నోటినిండా మట్టి గుర్తుంది. డ్రైవరుకీ నాకూ చిన్న దెబ్బలతో పోయింది. మెట్ల మీద జారానని అమ్మకి రాశానే, ఆ మోచేతి కట్టు ఆనాటిదే. మాస్టారికి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

తెల్ల వ్యాను అక్కడే ఉంది, ఖాళీగా. ముందురోజే దాన్ని వదిలేసి వాళ్ళు గోడ దూకి పారిపోయారట. ఆ టీవీ అతను ఆసుపత్రి వరండాలో కనబడితే, "అసలు మీరు అటెందుకు వెళ్ళారండీ?" అని అడిగాను. "మీ కారు అటు వెళ్ళడం చూశాం మేడమ్. మీరే వెళ్ళారంటే దారి బాగానే ఉందనుకున్నాం" అన్నాడు. ముందురోజు మా డ్రైవరు పెట్రోలు బంకు కోసం దారి తప్పి అటు తిప్పాడు. పొరపాటు తెలిసి రెండు నిమిషాల్లో వెనక్కి తెచ్చేశాడు. అదీ జరిగింది. మమ్మల్ని చూసుకుని వాళ్ళు, వాళ్ళని చూసుకుని మేము, గుడ్డెద్దు చేలో పడ్డట్టు వెళ్ళి పడ్డాం.

ఇంతకన్నా చెప్పుకోలేనిది ఇంకొకటుంది. ఇలాంటిది జరిగితే ఆఫీసుకి ఒక ఫారం నింపి పంపాలి. అందులో "ఈ ప్రయాణానికి ఎవరైనా అభ్యంతరం చెప్పారా?" అని ఒక గడి ఉంటుంది. నేను "లేదు" అని రాశాను. డ్రైవరు చదవకుండానే సంతకం పెట్టాడు. మాస్టారు మంచం మీద పడుకునే మొత్తం చదివి, సంతకం పెట్టి, కాగితం నా చేతికిచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఛీ, రాస్తుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది. అయినా నిజం అదే, ప్రాణం లేచొచ్చింది.

తరవాత నీ ఉత్తరం అందింది. "అదృష్టమంటే నాదే అక్కా, మాస్టారు నా కోసమే ఖాళీ చేసినట్టున్నారు" అని రాశావు. ఏమీ తెలియక రాశావు, నిన్నేమీ అనను. ఆ కాగితం పట్టుకుని తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాను. మాస్టారు నారింజ పండు ఒలుచుకుంటున్నారు.

"మీరు వద్దన్నారు. నేను లేదని రాశాను. సంతకం ఎందుకు పెట్టారు మాస్టారూ?" అన్నాను.

"నీకోసం అనుకున్నావా?"

"కాదా?"

"నీ మొహం. వద్దన్నానని రాస్తే, మరి ఎందుకెక్కావయ్యా అని అడుగుతారు. ఆడమనిషి ఒక్కతే వెళ్తానంటే పౌరుషం పొడుచుకొచ్చి ఎక్కానని, ఈ వయసులో ఎలా చెప్పుకోను?" ఒక తొన తీసి నా చేతిలో పెట్టారు. "ఆ పొద్దున్న నాకు నిజంగానే భయమేసిందమ్మాయ్. కానీ నువ్వు చూస్తుండగా భయపడటం కన్నా, కూడలి దాటడమే తేలికనిపించింది."

నారింజ తొన నోట్లో పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ ప్రమాదం అంటే బయటెక్కడో ఉంటుందని, చెవులు రిక్కిస్తే వినిపిస్తుందని అనుకున్నాను. ఎంత దూరంలో ఉందో లెక్క చెప్పి మురిసిపోయాను. ఆ రోజు అది నా నోట్లోనే ఉందని నాకు తెలియలేదు. మాస్టారి మంచం పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆయన మిగతా పండంతా తినేసి, "అయిందా?" అన్నారు.

నిన్న ఆఫీసుకి ఉత్తరం పెట్టాను. ఆ గడిలో "లేదు" అన్నది తప్పు, "చెప్పారు, నేను వినలేదు" అని దిద్దుకోమన్నాను. మాస్టారికి చెప్పే రాశాను. "నా పౌరుషం సంగతి మాత్రం రాయకు" అన్నారు. వాళ్ళకి రాయలేదు, నీకు చెప్పాను, కడుపులో పెట్టుకో. ఇక నన్నిక్కడ ఉంచరు. ఇంకెక్కడికైనా పంపుతారన్న ఆశా లేదు. ఇరవై ఏళ్ళుగా నాకు వేరే పని తెలియదు. అయినా బాధ కాస్త తేలికపడిందిరా, అబద్ధమెందుకు.

నీ ఉత్తరం చివర్లో ఇంకో మాట రాశావు. "నువ్వు పక్కనుంటే నాకేం భయం అక్కా" అని. ముద్దుగా రాసుంటావు. నేను మాత్రం ఆ కాగితం బోర్లించి పెట్టేశాను. తెల్ల వ్యానుని చూసి నేననుకున్నది కూడా అదే.

చిన్నప్పటి నుంచి నేను సరే అంటే నీకూ సరే. గోడెక్కమంటే ఎక్కావు, దూకమంటే దూకావు, పన్ను విరగ్గొట్టుకుని నోరంతా నెత్తురుతో నిలబడి, అమ్మకి చెప్పొద్దంటే అదీ చెప్పలేదు. ఒక్కసారైనా నాతో "వద్దక్కా" అన్నావా? గుర్తు తెచ్చుకుందామని నిన్న పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఒక్కటంటే ఒక్కటి గుర్తురాలేదు. తప్పు నీది కాదు. అనే సందు నేనెప్పుడూ ఇవ్వలేదు.

ఎడిటర్ గారికి జవాబు ఈ కవర్లోనే పెట్టాను. అంటించలేదు, చదువుకో. "మా తమ్ముడి కన్ను మంచిది. వాడు వద్దంటే ఆగే మనిషి దొరికితేనే వాణ్ణి పంపండి. నేను అలాంటి మనిషిని కాను" అని రాశాను. పోస్టు చేస్తావో, చించేస్తావో నీ ఇష్టం. వెళ్తానంటే నేను అడ్డుపడను, మాస్టారు తన లెన్సులు నీకిస్తానన్నారు కూడా.

వాళ్ళు రమ్మనేదాకా ఆగను, వచ్చే శనివారానికి ఇంట్లో ఉంటాను. ఎప్పటిలాగే గుమ్మంలో అడుగుపెడుతూనే నీకేదో ఒక పని పురమాయిస్తాను, నా నోరు ఊరుకోదు. కాదనడం నేర్చుకో తమ్ముడూ. ముందు నా మీదే నేర్చుకో.

ఇట్లు,
ఇన్నేళ్ళూ నీ చేత సరే అనిపించుకున్న
నీ అక్క