కిర్రుమనే మంచం

సూపరింటెండెంట్ గారికి,

మీ మానసిక వైద్యశాల ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం నుంచి నమస్కారాలు. మందులు వేళకు అందుతున్నాయి. దిగులు కాస్త తగ్గింది. ఒకటే ఫిర్యాదు: నా పక్క మంచం రాత్రంతా కిర్రుమంటోంది. నూనె వేయించగలరు.

ఇట్లు,
బామ్మ (రిటైర్డ్ ఆడిటర్)

తా.క.: వేరే నూనె దొరక్కపోతే నిన్నటి కూర మీద తేలింది చాలు.

*

గౌరవనీయులైన బామ్మగారికి,

మర్యాద కొద్దీ మంచమని రాశారు గానీ, మీ ఇబ్బంది ఎవరితోనో గ్రహించాము. మీ పక్కనున్న దర్జీ అమ్మాయి ట్రాన్స్‌జెండర్. పుట్టినప్పుడు మగపిల్లాడని రాశారు, మా రికార్డులోనూ అదే ఉంది. ఈ ఉదయమే మగవాళ్ల వార్డుకు మార్చాము. ఇక నిశ్చింతగా పడుకోండి.

భవదీయుడు,
సూపరింటెండెంట్

తా.క.: చదువుకున్నవాళ్లు ఇలాంటివి సూటిగా చెప్పలేరని మాకు తెలుసు.

*

అయ్యా,

మంచమంటే మంచమే. మనిషిని పంపించేశారు; మంచం ఇక్కడే ఉంది, కిర్రూ ఇక్కడే ఉంది.

ఆ పిల్ల నెలల తరబడి కునుకు లేక ఆస్పత్రికి వచ్చింది. నా పక్కన ఇప్పుడిప్పుడే నిద్ర పడుతోంది. అక్కడ గోడకు ఆనుకుని కూర్చునే తెల్లవారుస్తోందట. "కళ్లు మూస్తే భయమేస్తోందని బామ్మకి చెప్పక్కా" అని నర్సమ్మతో కబురంపింది. నిద్రే మందని మీ డాక్టరే అన్నారు. చీటీ రాసిచ్చి సీసా లాక్కోవడం ఏం వైద్యం? మొదట్లో జంకిన ఎదురు మంచం ఆవిడ కూడా రమ్మనే అంటోంది. వెంటనే వెనక్కి పంపండి.

ఇట్లు,
ఓపిక తగ్గుతున్న బామ్మ

తా.క.: ఆస్పత్రి గౌన్లకు ఎడమ చెయ్యి పొట్టిగా ఉందని ఆ పిల్లే చూపించింది. అప్పటినుంచీ మేమంతా కుడి చెయ్యి మడుచుకుంటున్నాం.

*

బామ్మగారికి,

మీది జాలిగుండె. కానీ రికార్డు ప్రకారమే వార్డు. మా చేతిలో ఏమీ లేదు. మీకు ఇంకా భయంగా ఉంటే విడిగా గది ఇప్పిస్తాం.

భవదీయుడు,
సూపరింటెండెంట్

తా.క.: అమ్మాయికి ఇంకో దుప్పటి ఇవ్వమన్నాము.

*

అయ్యా,

ఆడపిల్ల మగవాళ్ల వార్డులో ఉండొచ్చని మీరే తేల్చారు గనుక, దిండూ కళ్లజోడూ పట్టుకుని నేనూ ఇక్కడికే వచ్చేశాను. కాపలాదారు "బామ్మగారూ, ఇది మగవాళ్ల వార్డండీ!" అని మొత్తుకున్నాడు. "ఆ సంగతి మీ పెద్దసారుకి చెప్పు నాయనా" అన్నాను. పిల్ల నవ్వింది. నా కుడి భుజం మీద తల వాల్చి, కాసేపటికి నిద్రపోయింది. ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకోండి.

ఇట్లు,
బామ్మ, మగవాళ్ల వార్డు

తా.క.: ఇక్కడ క్రమశిక్షణ బొత్తిగా లేదు. పొద్దుటినుంచి నేను చూసుకుంటాను.

*

బామ్మగారికి,

మగవాళ్ల వార్డంతా సంతకాలు పెట్టిన ఫిర్యాదు అందింది. ఒక రోగి వల్ల మనశ్శాంతి కరువైందట. అలవాటు కొద్దీ దర్జీ అమ్మాయి గురించే అనుకున్నాను. ఈసారి చివరిదాకా చదివాను. కోడి కూయకముందే లేపుతున్నది, దుప్పట్లు మడతపెట్టిస్తున్నది, గోళ్లు చూపించమంటున్నది తమరు! "అమ్మాయిని ఆడవాళ్ల వార్డుకి పంపేయండి సార్, ఆవిడ వెనకాలే పోతారు" అని వేడుకున్నారు. అలాగే ఉత్తర్వు ఇచ్చాను. రోగి తానెవరో చెప్పిన మాటే రికార్డు కావాలని పైవాళ్లకూ రాశాను.

భవదీయుడు,
సూపరింటెండెంట్

తా.క.: నూనె డబ్బా పంపుతున్నాను.

*

అయ్యా,

పిల్ల వచ్చింది, వాలగానే నిద్రపోయింది. నూనె అందింది. పక్క మంచం నాలుగు కాళ్లకూ దగ్గరుండి వేయించాను.

ఇట్లు,
కృతజ్ఞతలతో బామ్మ

తా.క.: పొద్దున్నే పిల్ల, "నా మంచానికి నూనె ఎందుకు బామ్మా? రాత్రంతా కిర్రుమనేది నీదే కదా! అది వినబడుతుంటే పక్కన నువ్వున్నావని ధైర్యంగా నిద్రపట్టేది" అంది. మిగిలిన నూనె వెనక్కి పంపుతున్నాను. నా మంచం జోలికి ఎవరూ రాకూడదు.