కొండ ఆగిన గడప

నీడర్‌బాఖ్ బడి నుంచి,
ఆదివారం

ప్రియమైన లీన్‌హార్ట్ అన్నయ్యకు,

నీ చెల్లెలు రెగులా రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. ఆవులన్నీ క్షేమం. మన పక్కింటి వాల్‌బుర్గా అవ్వ ఇక్కడే నా పక్కన కూర్చుని, నీ దగ్గుకు కొండతేనె పంపమని పోరుతోంది. జ్వరం తగ్గిందా? కళ్లెలో ఇంకా రక్తం పడుతోందా? దాచకుండా రాయి.

శానటోరియంలో పేపరు చూశానన్నావు. అందులో వేసింది నిజమే. మన గ్లాంటెన్‌ను ఖాళీ చేయించారు. కొండనెత్తి మీద పగులు ఈ వేసవిలో ఆవు పడిపోయేంత వెడల్పయింది. ఇంజనీర్లు వచ్చి చూసి, ఇక ఆ ఊళ్లో ఎవరూ ఉండకూడదన్నారు. ఈ బడిలో బల్లలు గోడకు నెట్టి, గడ్డిపరుపులు వేసుకుని ఊరంతా పడుకుంటున్నాం.

వంతెన మీది చావు బొమ్మలకు కొత్త రంగులు వేశారా అని అడిగావు. వేశారు. అస్థిపంజరం పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని లాగే బొమ్మ ఉందే, చిన్నప్పుడు నువ్వు కళ్లు మూసుకుని దాటేవాడివి, దానికి కూడా. ఊరు ఖాళీ చేయకముందు జరిగిన జున్ను సంతకు బాసెల్ పట్నం నుంచి జనం బస్సుల్లో వచ్చారు. నాన్న ఎప్పటిలాగే వాళ్లను చర్చి గడప బండ ముందు నిలబెట్టాడు.

"నూటయాభై ఏళ్ల కిందట కొండ విరిగిపడిందమ్మా. ఇళ్లూ కొట్టాలూ మింగుతూ వచ్చి, ఇదిగో, ఈ బండ దగ్గర ఆగిపోయింది. లోపల మోకరించిన వాళ్లలో ఒక్కరికి గోరు కూడా ఊడలేదు!"

ఒకావిడ బండను తాకి ఏడ్చేసింది. నాన్న నావైపు చూసి కన్ను గీటాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఊరు ఖాళీ చేసిన రోజు అవ్వను కూడా బండి ఎక్కించి దింపాం. రెండోనాడు చూస్తే లేదు. మేకను తోలుకుని దొంగదారిన పైకి పోయి, చర్చిలో కూర్చుంది. వెళ్లిన పోలీసులను నాన్న పేరు చెప్పి మరీ తిట్టి పంపిందట. "కొండ గడప దాటదురా పిరికి మొహాల్లారా! కావాలంటే బల్తజార్‌ను అడగండి. మా ముత్తాత ఆనాడు ఇక్కడే మోకరించాడు!"

ఆ మాట విని నాన్న ముఖం పాలిపోయింది. నన్ను బడి వెనక్కు పిలిచాడు.

"రెగులా, ఆ కథ నాదే."

"నీదంటే?"

"మీ అమ్మ పోయిన ఏడు ఊరికి పురుగు కూడా రాలేదు. వచ్చిన ఒకాయన ఆ బండేమిటని అడిగాడు. నోటికొచ్చింది చెప్పాను. తర్వాత ఇంకో నలుగురు వచ్చారు."

"మరి ఆ బండ?"

"మా తాత గుర్రమెక్కడానికి వేయించుకున్నది. ఇప్పుడు ఆ ముసల్ది తన ముత్తాతను కూడా అందులో దూర్చింది. ఎక్కడికిపోయి మొత్తుకోను?"

"నువ్వు వెళ్లకు నాన్నా. పోలీసులకు చెబుదాం."

"వాళ్లు చెబితే వింటుందా? కథ కట్టినవాడే విప్పాలి."

కోటు పట్టుకుని లాగాను. నా చేతిలో గుండీ మిగిలింది, ఆయన వెళ్లిపోయాడు.

అన్నయ్యా, ఇంతసేపూ ఒక మాట చుట్టూ తిరుగుతున్నాను. నాన్న ఎందుకు రాయడం లేదని రెండుసార్లు అడిగావు. నాన్న లేడు.

గురువారం మధ్యాహ్నానికి ముందు అవ్వ ఏడుస్తూ, మేకను ఈడ్చుకుంటూ దిగివచ్చింది. నాన్న అంతా చెప్పాడట. ఈమె ఆయన చెంప పగలగొట్టిందట. తర్వాత ఇద్దరూ కలిసే బయలుదేరారు. దారిలో పైనుంచి రాళ్లు దొర్లడం మొదలైంది. కింద పచ్చికలో మనవాళ్లు కొందరు పోలీసుల కన్నుగప్పి చివరి గడ్డి కోస్తున్నారు. "నువ్వు పో అవ్వా, వెనక్కి చూడకు" అని నాన్న చర్చికి పరుగెత్తాడు.

గంట మాకు ఇక్కడికి వినిపించింది. పండగ గంటా కాదు, చావు గంటా కాదు, పిచ్చిగా కొట్టాడు. గడ్డి కోసేవాళ్లంతా కొడవళ్లు పారేసి ఏరు దాటి పరుగెత్తారు. వాళ్లలో ఒక్కరు కూడా చనిపోలేదు. తర్వాత ఉరుము లాంటి చప్పుడు. గంట ఆగిపోయింది. దుమ్ము సర్దుకున్నాక చూస్తే ఊరు లేదు, వంతెన లేదు, చర్చి ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి కూడా లేదు.

సైనికులు తవ్వుతున్నారు. రేపటితో ఆపేస్తారట. రాళ్లు ఇంకా పడుతున్నాయట. అక్షరాలు వంకరపోతున్నాయి, చూసి తిట్టకు.

అన్నిటికన్నా నన్ను చంపేది ఇంకొకటి. వచ్చినవాళ్లందరికీ అవ్వ చెబుతోంది: "గడప కథ నిజమే నాయనా. నన్ను కిందికి దింపడానికే, అది తన కట్టుకథ అని బల్తజార్ అబద్ధమాడాడు. బంగారంలాంటి మనిషి." ఫాదర్ దాన్నే ప్రసంగంలో చెబుతానంటున్నాడు. జీవితంలో నాన్న గట్టిగా చెప్పిన ఒక్క నిజం అబద్ధమైపోతోంది. నోరు విప్పితే అవ్వ గుండె ఆగిపోతుంది. విప్పకపోతే నాకు ఊపిరాడదు.

నువ్వు రావద్దు. ఈ దుమ్ముకు నీ ఊపిరితిత్తులు ఆగవు. నువ్వు కూడా పోతే నేనెవరి దానిని? కానీ వాళ్లు తవ్వడం ఆపితే పార తీసుకుని నేనే వెళతాను. వెళ్లకు అనడానికి ఇక్కడ ఎవరూ లేరు. నువ్వైనా అను అన్నయ్యా. వెంటనే రాయి.

ఇట్లు,
నీకు మిగిలిన చెల్లెలు
రెగులా