జాను ఏడవదు

జూన్ 9

అక్క ఫోన్. జాను మళ్లీ నాలుక కొరుక్కుంది. అన్నం తింటూ, కబుర్లు చెబుతూ, చివర కాస్త తెగేదాకా. నోటినిండా నెత్తురుతో వచ్చి అక్క కొంగు పట్టుకుని నవ్విందట.

నాలుగేళ్లు నిండాయి. ఆకలేస్తే ఏడుస్తుంది. బొమ్మ లాక్కుంటే ఏడుస్తుంది. దెబ్బ తగిలితే మాత్రం... లేదు.

"మొండిది" అంటుంది అక్క. ఎప్పుడూ అనే మాటే. ఇవాళ రెండుసార్లు అంది.

సెకండియర్ బైపీసీ వాళ్లకు డీఎన్ఏ మొదలుపెట్టాను. రెండు పేటల తాడు, నాలుగే అక్షరాలు — ఏ, టీ, జీ, సీ. ఏకి ఎదురుగా టీ, జీకి ఎదురుగా సీ. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. మార్కాపురంలో వాన ఊసే లేదు.

జూన్ 14

గిద్దలూరులో బస్సు మారి, కొమరోలు దాటి, అక్కవాళ్ల ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. జాను నాయన, మా మామ, గొర్రెలతో అడవికి పోయాడు. ఇంటిముందు పరిచిన పలకరాళ్ల మీద జాను పడుకుని ఉంది. చెంప రాయికి ఆనించి. రాయి ఏదో చెబుతుంటే వింటున్నట్టు.

నేనూ రాయి మీద చెయ్యి పెట్టాను. రెండు లెక్కపెట్టేలోపు తీసేశాను.

ఎత్తుకుంటే చెంప ఎర్రగా కమిలి ఉంది. "పిన్నీ, చెయ్యి ఎందుకు లాక్కున్నావ్?" అని అడిగింది. నిజంగా తెలుసుకోవాలని.

సాయంత్రం పాలు మాడాయి. ఇల్లంతా వాసన, అందరం బయటికి వచ్చాం. జాను పొయ్యి పక్కనే కూర్చుని గవ్వలు ఆడుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

జూన్ 15

పొద్దున్నే పక్క ఊరి నుంచి ఇద్దరు ఆడవాళ్లు. చేతుల్లో పసుపు, అరటిపండ్లు. ఒకామె జ్వరంతో ఉన్న చంటిబిడ్డను జాను కాళ్ల దగ్గర పడుకోబెట్టింది. జాను వంగి, ఏడుస్తున్న ఆ నోటిని వేలితో తడిమి చూసింది. ఏడుపు ఎక్కడి నుంచి వస్తోందో వెతుకుతున్నట్టు.

అక్క లోపలికి వెళ్లిపోయింది. మామ తల వంచుకుని కొబ్బరికాయ కొట్టాడు. ఇదంతా ఎప్పటి నుంచని అడిగాను.

చెప్పింది మామ తల్లి, మా అవ్వే. "గురవమ్మ తిరిగొచ్చినాది, అమ్మీ."

గురవమ్మ అంటే చేను గట్టున ఉన్న రాయి. చిన్నప్పుడు అమ్మ నాతోనూ దానికి పసుపు పూయించేది. ఏదో దేవత అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదట. తాతకు సొంత చెల్లెలట. నిప్పుల్లో చెయ్యి పెట్టినా కన్ను ఆర్పేది కాదట. తొమ్మిదేళ్లకే పోయిందట.

ఎట్లా పోయింది అని అడిగాను. అవ్వ లేచి వెళ్లి కోళ్లకు గింజలు చల్లింది.

జూన్ 16

ఈరోజు క్లాసు. డీఎన్ఏలో మూడేసి అక్షరాలు ఒక మాట. ఒక్కో మాటకు ఒక్కో అమైనో ఆమ్లం. అవి వరసగా చేరితే ప్రొటీన్. కొన్ని మాటలకు మాత్రం "ఇక్కడ ఆపు" అనే అర్థం. సీజీఏ ఉండాల్సిన చోట టీజీఏ పడిందనుకోండి, తయారీ అక్కడే ఆగిపోతుంది, మిగతా ప్రొటీన్ ఇక లేదు...

"ఒక్క అక్షరానికేనా, మేడం?" ముందు బెంచీ అమ్మాయి.

ఒక్క అక్షరానికే అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పానో గుర్తు లేదు. బోర్డు వైపు తిరిగే నిలబడ్డాను. రాయి మీద ఆనించిన చెంప కనిపిస్తోంది. ఎప్పుడో చదివాను — నొప్పి మోసే నరాల చివర సోడియం దూరే చిన్న గేట్లు ఉంటాయి. ఆ గేటూ ఒక ప్రొటీనే. అది లేకపోతే కబురు మెదడుకు బయలుదేరనే బయలుదేరదు. అదే గేటు లేక వాసన కూడా తెలియదు.

పాలు మాడిన సాయంత్రం.

స్టాఫ్ రూంలో ఎవరూ లేనప్పుడు పిన్నుతో వేలు పొడుచుకున్నాను. నొప్పి. హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే సిగ్గు. ప్రతి జన్యువుకూ రెండు కాపీలు; ఒకటి చెడినా రెండోది బాగుంటే నొప్పి మామూలుగానే తెలుస్తుంది. పిన్నుతో తేలేది ఏమీ లేదని పిల్లలకు చెప్పేది నేనే.

జూన్ 17

పొద్దున ఇంకోసారి పొడుచుకున్నాను.

జూన్ 19

వంశవృక్షం గీశాను. ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు చదరం. జబ్బు ఉంటే నల్లగా నింపాలి. రక్తసంబంధంలో పెళ్లి అయితే రెండు గీతలు. మా ఇంట్లో ఒంటిగీత పెళ్లి వెతుక్కోవాల్సి వచ్చింది. అక్క చేసుకున్నది అమ్మ సొంత తమ్ముణ్ని. అవ్వ అక్కకు అమ్మమ్మే కాదు, అత్త కూడా.

పైన ఒక నల్ల సున్నా — గురవమ్మ. అడుగున ఒక నల్ల సున్నా — జాను. మధ్యలో అందరం తెల్లగా.

పెన్సిల్ పెట్టి దిగితే రెండు దారులు. తాత నుంచి మామకు, మామ నుంచి జానుకు. తాత నుంచి అమ్మకు, అమ్మ నుంచి అక్కకు, అక్క నుంచి జానుకు. చెడిన అక్షరం ఒకటే. చెరో వైపు నుంచి చప్పుడు లేకుండా నడిచివచ్చి ఆ పిల్లలో కలుసుకుంది... నా ఊహ నిజమైతే.

అమ్మ నుంచి నా దగ్గరికి ఇంకో గీత. సగంలో ఆపాను.

జూన్ 21

కర్నూలు ఆసుపత్రి. అక్క, జాను, నేను. మామ రానన్నాడు, రావద్దని మాత్రం అనలేదు.

డాక్టరమ్మ సూది గుచ్చుతుంటే జాను తల వంచి చూసింది, చీమ పాకడం చూసినట్టు. ముక్కు దగ్గర ఇంగువ పెట్టారు. ఏమీ లేదంది. ఎక్స్‌రేలో ఎడమకాలి ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉంది. ఎప్పుడు విరిగిందని అక్కను అడిగారు. అక్కకు తెలియదు. విరిగిన కాలితోనే ఇల్లంతా తిరిగిందన్నమాట. మేమంతా చూస్తుండగానే.

అమ్మానాన్నల రక్తం కూడా కావాలన్నారు. అక్క ఇచ్చింది. మామది తర్వాత పంపాలి. హైదరాబాదు పోయి రావడానికి వారాలు పడుతుందట.

తిరిగి వస్తూ అక్క బస్సు కిటికీలోంచి వాంతి చేసుకుంది. ఘాట్ రోడ్డు వల్ల అనుకున్నాను. అక్క నోరు తుడుచుకుని, నా వైపు చూడకుండా, నెల తప్పి వారం దాటిందని చెప్పింది.

జూన్ 28

మామ ఫోన్. కొమరోలులో రక్తం ఇచ్చి పంపించాడట. తర్వాత మెల్లగా — అవ్వ మొక్కుకుందట. జాను ఈసారి పీర్ల పండక్కి నిప్పుల గుండంలో నడుస్తుందట. చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ తెలిసిపోయిందట.

నువ్వేమన్నావ్ మామా అని అడిగాను.

"ఏమో రమా. దానికేం కాదు కదా" అన్నాడు.

జూలై 6

పొద్దుపొడుపు వేళ. పీర్ల చావిడి ముందు గుండం. కట్టెలన్నీ కాలి ఎర్రటి బొగ్గుల పరుపు. డప్పులు. మొక్కుకున్నవాళ్లు తడిబట్టలతో నిలబడ్డారు. మామ భుజం మీద జాను, ఒళ్లంతా పసుపు. నేను మామ చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నాను. ఆయన నిప్పులకేసే చూస్తున్నాడు.

సెగకు జనం వెనక్కి జరుగుతున్నారు. జాను ఒక్కతే ముందుకు వాలుతోంది. నన్ను అన్నిటికంటే భయపెట్టింది అదే. ఎవరూ తొయ్యనక్కర్లేదు.

మామ దించాడో, తనే జారిందో. నడుచుకుంటూ పోయి అంచున కూర్చుంది. ఒక నిప్పు ఏరుకుంది. పిడికిలి మూసింది. దొరికిందని చూపించడానికి మా వైపు తిరిగింది.

డప్పులు ఆగాయి. ఆ వాసన — అందరికీ తగిలింది, తనకు తప్ప.

పీర్లు ఎత్తే మస్తాన్ తాత ముందుగా కదిలాడు. పిడికిలి విప్పి, నిప్పు విదిలించి, ఎత్తుకున్నాడు. నడవనివ్వు, మొక్కు ఉంది అంది అవ్వ. ఆయన గొంతు పెంచలేదు.

"నిప్పంటే భయం ఉన్నోళ్లు నడిస్తే అది మొక్కు, వదినా. ఈ బిడ్డకు భయమే తెలీదు. దీన్ని నిప్పుల్లోకి పంపితే ఆ పనికి పేరు వేరే ఉంది. నా నోటితో అనిపించొద్దు."

మామ ఆ అరచెయ్యి చూశాడు. చూసి మట్టిలో కూలబడ్డాడు. వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మస్తాన్ తాత చంకలోంచి జాను దిగి వచ్చి నాయన కన్నీళ్లు తుడిచింది. ఆ చేత్తోనే.

జూలై 8

గిద్దలూరులో కట్టు కట్టించాం. పళ్లతో కట్టు విప్పేసింది. మళ్లీ కట్టించాం. అవ్వ నాతో మాట్లాడటం లేదు.

జూలై 12

నేర్పిస్తున్నాను. ఎర్రగా కనిపిస్తే "నొప్పి" అనాలి. ఆడటం ఆపాలి. అమ్మ దగ్గరికి పరిగెత్తాలి. అక్కకు కూడా నేర్పాను — రోజూ స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా వెతకాలి, కళ్లు, నోరు, పాదాలు. ఒళ్లు వెచ్చబడితే ఆ పూటే ఆసుపత్రికి.

నొప్పి అంటే ముఖం ఎట్లా పెట్టాలి అని అడిగింది జాను. చూపించాను. అద్దం ముందు కూర్చుని చాలాసేపు సాధన చేసింది. కనుబొమలు, పెదాలు, పళ్ల బిగింపు. ఉన్నట్టుండి తిరిగింది — ఆ ముఖం అచ్చం నాదే. కళ్లు మాత్రం హాయిగా ఉన్నాయి.

సాయంత్రం టమాటాల బుట్ట చూసి "నొప్పి, నొప్పి" అని అరిచింది. అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

జూలై 17

రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. సోడియం గేటు జన్యువే. ఒక్క అక్షరం. సీ ఉండాల్సిన చోట టీ. "ఇక్కడ ఆపు." జానులో రెండు కాపీలూ అట్లాగే. అక్కలో ఒకటి, మామలో ఒకటి.

నేను బోర్డు మీద రాసినట్టే ఉంది. ఊహ నిజమైతే సంతోషం కలగాలి కదా, చదువుకున్నదానికి. చాక్‌పీస్ పట్టుకోబుద్ధి కాలేదు. పిల్లలకు చదువుకోమని చెప్పి కూర్చున్నాను.

నా రక్తం ఇవ్వలేదు. ఎందుకో ఇక్కడ కూడా రాయను.

జూలై 19

అక్కకు చెప్పాను. పుట్టబోయే బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదని కాదు, ప్రతిసారీ కొత్తగా నాలుగింట ఒకటి. మూడు నెలలు నిండేలోపు మావి నుంచి సూదితో చిన్న ముక్క తీసి చూడొచ్చు. తెలిశాక ఏం చెయ్యాలని అక్క అడగలేదు. నేనూ చెప్పలేదు.

అక్క గోడకు ఆనుకుని కూర్చుంది.

"దీని కాన్పుకు రెండు దినాలు పడినా నేను. నాకే ఈ గుణం ఉంటే ఎంత బాగుండు అనుకున్నా. నొప్పి తెలీకపోతే మనిషికి ఏం తక్కువైంది, రమా?"

గురవమ్మ తొమ్మిదేళ్లకే పోయింది అన్నాను. వాకిట్లో బియ్యం చెరుగుతున్న అవ్వ చేట ఆగింది.

జూలై 20

అవ్వే పిలిచింది. ఇద్దరం చేను గట్టుకు వెళ్లాం. పసుపు తేలేదు. రాయి పక్కన కూర్చుని, నాతో కాదు, రాయితో చెబుతున్నట్టు చెప్పింది.

అవ్వ, గురవమ్మ ఒకే ఇంట్లో పెరిగారు. అవ్వకు మేనమామ ఇల్లే అత్తిల్లు అయింది. ఊళ్లోకి ఎవరొచ్చినా గురవమ్మను చూపించేవాళ్లట.

"పొయ్యిలో చెయ్యి పెట్టించేవోళ్లు. దాని చెయ్యి పట్టుకొని పెట్టింది నేనే, అమ్మీ. శానా సార్లు. అది నవ్వేది. మేమూ నవ్వేవోళ్లం."

చివరికి కడుపులో ఏదో అయిందట. నాలుగు రోజులు ఒళ్లు కాలిపోతున్నా ఆడుకుంటూనే ఉందట. అడిగితే ఏమీ లేదనేదట. ఐదోరోజు లేవలేదు.

"ఆ తరవాత రాయి పెట్టినాం. తప్పు చేసినోళ్లం కదా."

గాలి లేదు. ఎండుగడ్డి కదలదు. నేను ఎన్నేళ్లు ఈ రాయికి దండం పెట్టుకున్నానో.

తిరిగి వస్తూ అవ్వ అడిగింది, ఆ తప్పుపడిన అచ్చరాన్ని దిద్దలేరా అని. ఇంకా దిద్దలేరు అవ్వా అన్నాను. రేపటి నుంచి ఎవరు పసుపు తెచ్చినా వాకిట్లోంచే పంపించేస్తానంది.

జూలై 24

కర్నూలులో ఆ మావి పరీక్షకు సోమవారానికి టైము ఇచ్చారు. అక్క సరేనంది. కాలేజీలో సెలవు పెట్టాను.

జూలై 26

రెండో శనివారం కాకపోయినా మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను. సోమవారం ఇక్కడి నుంచే అక్కను తీసుకుపోవచ్చని.

నేను చూసింది చూసినట్టు రాస్తాను. అక్క మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. జాను వెళ్లి అక్క పొట్ట మీద చెవి పెట్టింది. కదలకుండా, చాలాసేపు. ఎర్రది ఏదీ లేదు అక్కడ. అక్కది ఆకుపచ్చ చీర. నేను అన్నీ చూశాను, ఒకటికి రెండుసార్లు.

తల ఎత్తింది. ముఖం చిట్లించలేదు. నేర్పిన ముఖం పెట్టలేదు.

"అమ్మా, లోపల పాపకు నొప్పి" అంది.

అక్క లేచి కూర్చుంది. అవ్వ గడపలో ఆగిపోయింది. జాను గవ్వలు ఏరుకుని బయటికి పోయింది.

పిల్లకు కొత్తగా వచ్చిన మాట. టమాటాలకూ అంటుంది. ఇంత చిన్న పిండంలో నొప్పి నరాలు ఎంతవరకు పెరుగుతాయో నాకు తెలుసు. ఇవన్నీ అక్కకు చెప్పాను. అక్క వినలేదు. ముఖంలో ఇన్ని నెలలుగా లేని వెలుగు.

"లోపల పాపకు నొప్పి తెలుస్తోందని చెప్పింది కదా. ఇంకెందుకు సూది?" అంది. సోమవారం రానంది.

మామను అడిగాను. మామ అవ్వ వైపు చూశాడు. అవ్వ నా వైపు చూసింది. అవ్వ నా వైపు ఎందుకు చూసిందో నాకు తెలుసు. నువ్వు చదువుకున్నదానివి, అది ఉత్త మాట అని నువ్వే చెప్పు, నువ్వు చెబితే వింటాం — అని.

నోరు తెరిచాను. సోమవారానికి సెలవు పెట్టానని మాత్రం అన్నాను. నాలుగింట మూడు వంతులు మంచి వైపే ఉన్నాయి కదా అని లోపల ఎవరో అంటున్నారు, జాను చెప్పినా చెప్పకపోయినా.

కానీ జాను చెప్పిన సమయం చూసి పెట్టుకున్నాను. మూడు గంటల పది నిమిషాలు. నమ్మనిదాన్ని, ఎందుకు చూశాను...