ఆరు నిమిషాల రింగులు

ఏలూరు,
9 జూలై 2007

ఏవండీ,

వేళకి తింటున్నారా? ఫోన్లో చెబుదామంటే సెల్లు మా చెల్లి జాయ్సీది, తను పక్కనే ఉంటుంది. అందుకే ఉత్తరం. చదివి కోప్పడకండేం.

మొన్న బుధవారం ఆసుపత్రిలో నా చేతులకి పరీక్ష పెట్టారు. ఎదురుగా నిలబెట్టిన చెక్క పలక, దానికి భుజాలంత ఎత్తులో రెండు మేకులు, తలకి పైన రెండు. ఆరు నిమిషాలసేపు రెండు చేతులతో ఆ మేకులకున్న రింగులు కిందనుంచి పైకి, పైనుంచి కిందకి మార్చాలి. ఓస్ ఇంతేనా అనుకున్నాను. మూడో నిమిషానికల్లా చేతులు బండలైపోయి, ఆయాసంతో కుర్చీలో కూలబడ్డాను. ఇరవై ఏళ్ళు ఊక పొయ్యి పొగ పీల్చిన ఊపిరితిత్తులకి చేతులు పైకెత్తడమే పెద్ద బరువట. ఫిజియోథెరపీ అమ్మాయి ఇందుజ చెప్పింది. "సోమవారం మళ్ళీ చూద్దాం ఆంటీ" అంది.

పరీక్ష తప్పితే నెలరోజులు ఆసుపత్రిలోనే ఉంచేస్తారనుకున్నానండీ. మిమ్మల్నొదిలి నెల్లాళ్ళా! అందుకని జాయ్సీ బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్ళగానే గోడ మేకులకి గాజులు తగిలిస్తూ మూడు రోజులు సాధన చేశాను. ఇవాళ పళ్ళ బిగువున ఆరు నిమిషాలూ లాగేశాను. "ఇంట్లో తల దువ్వుకోగలరా? బట్టలు ఆరేయగలరా?" అని ఆ పిల్ల అడిగితే, "ఓ, భేషుగ్గా" అన్నాను. "అయితే మీకు వ్యాయామం క్లాసు అక్కర్లేదు ఆంటీ. చేతులు లేవనివాళ్ళకే అది" అని కాగితం మీద రాసేసింది.

అంతా అబద్ధమండీ. ఏడాదిగా నేను జడ వేసుకోలేకపోతున్నాను. వేడి చేసిందని మీతో చెప్పి జుట్టు కత్తిరించుకున్నది అందుకే. చెబితే మీరు చేపల చెరువు పని మానుకుని నా చుట్టూ తిరుగుతారని భయం. ఇప్పుడా క్లాసు చేజేతులా పోగొట్టుకున్నాను. మళ్ళీ వెళ్ళి ఏ మొహం పెట్టుకుని చెప్పను? శనివారం బస్సెక్కి వచ్చేస్తున్నాను.

మీ
సలోమి

కైకలూరు,
12 జూలై 2007

సలోమీ,

కోపం రాలేదే. ఏడుపొచ్చింది. నువ్వు దండెం మీద బట్టలు ఆరేయడం మానేస్తే నా మీద అలకేమో అనుకుని, నేనూ బింకంగా ఉండిపోయాను. ఎంత మొద్దుని కట్టుకున్నావో చూడు! ఏమైందే అని ఒక్కమాట అడిగితే నా సొమ్మేం పోయింది?

శనివారం బస్సెక్కకు. ఆసుపత్రికి ఫోన్ చేసి ఇందుజమ్మతో అంతా చెప్పేశాను. తిట్టుకుంటే తిట్టుకో. "తప్పు నాదేనండీ, ఆంటీ మాట నమ్మి ఆయాసం చూసుకోలేదు. సోమవారం మళ్ళీ చేయిస్తాను. ఆసుపత్రిలో ఉండక్కర్లేదండీ, నెలరోజులు వారానికి మూడుసార్లు క్లాసుకొస్తే చాలు" అంది ఆ అమ్మాయి.

ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. అందుకే ఈ ఉత్తరం ఐసు లారీ డ్రైవరు చేత పంపుతున్నాను. మన చెరువుని పక్క చెరువు సత్తిబాబుకి అప్పజెప్పాను, చూసుకుంటాడు. ఆదివారం నేనే వస్తున్నాను. మీ చెల్లికి చెప్పు, ఈ నెల్లాళ్ళూ వరండాలోనైనా పడుకుంటాను.

ఈసారి చేతులు లాగితే దించెయ్యి. ఆయాసమొస్తే వచ్చిందని చెప్పు. నువ్వు తప్పినా నాకేం నామోషీ కాదు. నెలయ్యాక ఇద్దరం ఒకే బస్సులో ఇంటికొద్దాం.

నీ
యోసేపు